తీసేసిన గడ్డ ఎందుకు తిరిగొస్తుంది? మెదడు క్యాన్సర్‌లో మూలకణాల పాత్ర

"ఆపరేషన్‌లో గడ్డంతా తీసేశామన్నారు. ఆరు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టారు. మాత్రలు కూడా టైముకే మింగించాం. మరి ఏడాది తిరక్కుండా మళ్లీ అదే చోట ఎలా వచ్చింది?" విశాఖలో న్యూరోసర్జరీ ఓపీల ముందు, క్యాన్సర్ వార్డుల వరండాల్లో గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ రోగి వెంట వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న ఇది. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి, పాడేరు నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి రైళ్లూ బస్సులూ పట్టుకుని వస్తారు వీళ్లు. సర్జన్ సరిగా తీయలేదేమో, మాత్ర ఒకపూట తప్పిందేమో, హైదరాబాదు తీసుకెళ్లి ఉండాల్సిందేమో అని లోలోపల కుమిలిపోతుంటారు. చాలావరకు తప్పు ఎవరిదీ కాదు. తిరిగి రావడమనేది ఆ జబ్బు స్వభావంలోనే ఉంది. ఆ స్వభావాన్ని అర్థం చేసుకోవాలంటే క్యాన్సర్ మూలకణాల సంగతి తెలియాలి.

ముందే ఒక గందరగోళం తొలగించాలి. బొడ్డుతాడు రక్తం దాచే కంపెనీలు, మోకాళ్లకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు ఇస్తామనే ప్రకటనలు చూసి మూలకణం అంటే మందు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ మనం మాట్లాడేది మందు గురించి కాదు. గడ్డ లోపలే ఉంటూ, గడ్డను మళ్లీ మొలిపించగల కణాల గురించి.

గడ్డకు అంచు లేదు

పెద్దల్లో మెదడులోనే పుట్టే ప్రాణాంతక కణితుల్లో ఎక్కువగా కనిపించేది గ్లయోబ్లాస్టోమా. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఇది గ్రేడ్ 4. ఎమ్మారైలో రంగుమందు ఎక్కించాక తెల్లగా వెలిగే ఉంగరంలా కనిపిస్తుంది, మధ్యలో చచ్చిన కణజాలం ఉంటుంది. చూసేవాళ్లకు ఆ ఉంగరమే గడ్డ. నిజానికి అది కణాలు బాగా గుంపుగా ఉన్న చోటు మాత్రమే. అక్కడినుంచి కణాలు ఒక్కొక్కటిగా, నరాల తీగలు పోయే తెల్ల పదార్థం దారుల వెంట, సన్న రక్తనాళాల గోడలు పట్టుకుని సెంటీమీటర్ల దూరం పాకిపోతాయి. ఆ విడి కణాలు ఏ స్కాన్‌లోనూ కనిపించవు.

ఇది ఎంత మొండి సమస్యో 1928లోనే తెలిసిపోయింది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ సర్జన్ వాల్టర్ డాండీ, అప్పటికే ఎడమవైపు పక్షవాతం వచ్చిన రోగుల్లో గడ్డ ఉన్న కుడి అర్ధగోళం మొత్తాన్నీ తీసేశాడు. సగం మెదడు తీసినా జబ్బు రెండో వైపున తిరిగి వచ్చింది. మరి ఈరోజు సర్జన్ "మొత్తం తీశాం" అంటే అర్థమేమిటి? ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లో తీసిన ఎమ్మారైలో వెలిగే భాగం ఏదీ మిగల్లేదని. సర్జన్ అబద్ధం చెప్పడం లేదు, ఆ మాటకు ఉన్న హద్దు అది. అలా తీయడం వల్ల ఆయుష్షు పెరుగుతుంది, అందుకే వీలైనంత తీస్తారు. కానీ వందల కోట్ల కణాల్లో 99 శాతం తీసినా మిగిలేవి కోట్లలోనే ఉంటాయి.

తిరిగొచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం మొదటి గడ్డ ఉన్న చోటికి రెండు సెంటీమీటర్ల లోపే వస్తాయి. సరిగ్గా రేడియేషన్ గరిష్ఠ మోతాదు పడిన ప్రాంతంలో! అంటే అక్కడ మిగిలినవాటిలో కొన్ని ఆ మోతాదును తట్టుకున్నాయన్నమాట. అవి ఏవి?

అన్ని కణాలకూ ఒకే సత్తా ఉండదు

ఈ ఆలోచనకు దారి రక్త క్యాన్సర్‌లో దొరికింది. టొరంటోలో జాన్ డిక్ బృందం 1990లలో, ల్యుకేమియా కణాలన్నీ జబ్బును ఎలుకకు అంటించలేవని, ఒక చిన్న వర్గానికే ఆ శక్తి ఉందని చూపించింది. అదే నగరంలో పిల్లల ఆసుపత్రిలో షీలా సింగ్, పీటర్ డర్క్స్ మెదడు గడ్డల మీద ఇదే ప్రశ్న వేసుకున్నారు. 2004లో నేచర్ పత్రికలో వచ్చిన వాళ్ల ఫలితం ఈ రంగాన్నే మలుపు తిప్పింది. గడ్డ కణాలను సీడీ133 అనే ఉపరితల ప్రోటీన్ ఉన్నవి, లేనివి అని రెండుగా వేరుచేసి, రోగనిరోధక శక్తి లేని ఎలుకల మెదడులో పెట్టారు. సీడీ133 ఉన్నవి 100 పెట్టినా గడ్డ లేచింది. లేనివి లక్ష పెట్టినా లేవలేదు. లేచిన గడ్డ కూడా రోగి గడ్డనే పోలి, రకరకాల కణాలతో ఉంది.

క్యాన్సర్ మూలకణం అనిపించుకోవాలంటే మూడు పరీక్షలు నెగ్గాలి. విభజన చెందినప్పుడు తనలాంటి దాన్ని మళ్లీ పుట్టించుకోవాలి. గడ్డలో కనిపించే మిగతా రకాల కణాలనూ పుట్టించగలగాలి. మూడోది, అసలైనది: ఎలుక మెదడులో పెడితే అసలు గడ్డను పోలిన గడ్డను లేపాలి. ల్యాబు పాత్రలో ఉండలు కట్టింది కాబట్టి మూలకణం అనేస్తే చాలదు.

పొలంలో తుంగ పీకిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పైన ఆకు ఎంత కోసినా, నేలలో కాయ ఉన్నంతకాలం తుంగ మళ్లీ మొలుస్తుంది. మూలకణాల సిద్ధాంతం మొదట్లో అచ్చంగా ఇదే చెప్పింది. గడ్డ బరువంతా ఆకు, తిరిగి మొలిపించేది కాయ. కాయను చంపే మందు కనిపెడితే పనైపోతుందని ఎంతోమంది శాస్త్రవేత్తలు ఆశపడ్డారు. ఈ పోలిక ఎక్కడ విరిగిపోతుందో తర్వాత చూద్దాం, అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ఈ కణాలు ఎక్కడినుంచి వస్తాయి? పెద్దవాళ్ల మెదడులోనూ ద్రవంతో నిండిన గదుల గోడల వెంట సహజ మూలకణాల పొర ఒకటి ఉంటుంది. దక్షిణ కొరియా పరిశోధకులు 2018లో గ్లయోబ్లాస్టోమా రోగుల్లో గడ్డకు దూరంగా, చూడ్డానికి మామూలుగా ఉన్న ఆ గోడ కణజాలాన్ని పరీక్షించారు. సగానికి పైగా రోగుల్లో, గడ్డలో ఉన్న కీలక జన్యుమార్పులు అక్కడ కూడా తక్కువ మోతాదులో కనిపించాయి. అంటే చాలామందిలో జబ్బు విత్తనం ఆ గోడలో పడి, వేరేచోట మొలిచింది. అయితే క్యాన్సర్ మూలకణం సహజ మూలకణం నుంచే రావాలని లేదు. కొంత ఎదిగిన కణం కూడా వెనక్కి మళ్లి ఆ లక్షణాలు తెచ్చుకోగలదు.

మందు ఎందుకు తగలదు

గ్లయోబ్లాస్టోమాకు రేడియేషన్‌తో పాటు ఇచ్చే మాత్ర టెమోజోలమైడ్. అది ఎలా చంపుతుందో చూస్తే మూలకణాలు ఎలా తప్పించుకుంటాయో దానంతట అదే అర్థమవుతుంది. ఈ మాత్ర రక్తంలోకి వెళ్లాక ఏ ఎంజైమ్ సాయం లేకుండానే విడిపోయి, డీఎన్ఏలోని గ్వానిన్ అనే అక్షరానికి ఒక మిథైల్ తోక తగిలిస్తుంది. ఆ తోక ఒక్కటే కణాన్ని చంపదు. కణం విభజనకు సిద్ధమై డీఎన్ఏను నకలు చేసుకునేటప్పుడు, తోక ఉన్న గ్వానిన్ ఎదురుగా సైటోసిన్ బదులు థైమిన్ వచ్చి కూర్చుంటుంది. తప్పుల్ని దిద్దే యంత్రాంగం కొత్త పోగులోని థైమిన్‌ను కోసేస్తుంది, తోక మాత్రం పాత పోగులో అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ థైమినే వస్తుంది. మళ్లీ కోత. ఈ వృథా దిద్దుబాటులో డీఎన్ఏ పోగులు తెగి, సాధారణంగా రెండో విభజన సమయానికి కణం చస్తుంది.

అంటే ఈ మందు పనిచేయడానికి మూడు షరతులు. కణం విభజన చెందుతూ ఉండాలి. తోకను పీకేసే ఎంజీఎంటీ అనే ప్రోటీన్ ఉండకూడదు. తప్పులు దిద్దే యంత్రాంగం బతికి ఉండాలి. నెమ్మదిగా విభజన చెందే, లేదా నిద్రలో ఉన్న మూలకణం మొదటి షరతులోనే జారిపోతుంది. అది మేల్కొని విభజనకు దిగేలోపు తోకల్ని తీసేసుకోవడానికి దానికి బోలెడు సమయం. 2012లో లూయీ పరాడా బృందం దీన్ని ఎలుకల్లో నేరుగా చూపించింది. టెమోజోలమైడ్ ఇచ్చినప్పుడు వేగంగా విభజన చెందే కణాలు చచ్చాయి. మందు ఆపాక గడ్డను తిరిగి పెంచింది, అప్పటిదాకా నిద్రలో ఉన్న ఒక చిన్న వర్గం. ఆ వర్గాన్ని జన్యు ఉపాయంతో విడిగా చంపేస్తే గడ్డ పెరుగుదల తగ్గింది, ఎలుకలు ఎక్కువకాలం బతికాయి.

ఎంజీఎంటీ సంగతి రోగులకు నేరుగా పనికొచ్చేది. ఈ ప్రోటీన్ ఒక్కో అణువు ఒక్క తోకనే పీకగలదు, పీకాక తానూ పనికిరాకుండా పోతుంది. కొన్ని గడ్డల్లో ఈ జన్యువును నడిపించే భాగం మీద మిథైల్ గుర్తులు పడి, జన్యువు మూగబోయి ఉంటుంది. రిపోర్టులో "ఎంజీఎంటీ ప్రమోటర్ మిథైలేటెడ్" అని రాసేది దీన్నే. అది మంచి వార్త. 2005లో వచ్చిన యూరప్, కెనడా అధ్యయనంలో ఇలాంటి గడ్డ ఉన్నవాళ్లు రేడియేషన్‌తో పాటు టెమోజోలమైడ్ తీసుకున్నప్పుడు మధ్యస్థ ఆయుష్షు (సగంమంది దాటిన కాలం) 21.7 నెలలు, రేడియేషన్ ఒక్కటే అయితే 15.3 నెలలు. మిథైలేటెడ్ కానివాళ్లలో మాత్రలు కలిపితే 12.7, కలపకపోతే 11.8.

రేడియేషన్ దారి వేరు. అది డీఎన్ఏ రెండు పోగుల్నీ తెంపుతుంది. 2006లో జెరెమీ రిచ్ బృందం గమనించిందేమంటే, రేడియేషన్ తర్వాత బతికిన కణాల్లో సీడీ133 ఉన్నవాటి వాటా ముందుకంటే పెరిగింది. దెబ్బ రెండు రకాలకూ తగిలింది. కానీ మూలకణాలు చెక్1, చెక్2 అనే కాపలా ప్రోటీన్లను వెంటనే లేపి, విభజనను ఆపి, తెగినచోట అతుకు వేసుకున్నాకే ముందుకు కదిలాయి. ఆ కాపలాను మందుతో ఆపితే వాటి నిబ్బరం తగ్గింది.

దానికి తోడు అవి ఉండే చోటు. ఒక గుంపు రక్తనాళాల గోడలను అంటిపెట్టుకుని ఉంటుంది, నాళం లోపలి పొర ఇచ్చే సంకేతాలు వాటిని మూలకణ స్థితిలోనే ఉంచుతాయి. ఇంకో గుంపు ఆక్సిజన్ అందని, చచ్చిన మధ్యభాగం అంచున ఉంటుంది. రేడియేషన్ చేసే హానిలో పెద్ద వాటా ఆక్సిజన్ ద్వారా జరుగుతుంది. ఆక్సిజన్ లేని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. చుట్టూ ఉన్న మంచి మెదడు దాన్ని భరించలేదు. రక్తం నుంచి మెదడులోకి మందుల్ని వడకట్టే గోడ మరో అడ్డంకి. మెదడు చుట్టూ ఉండే ద్రవంలో టెమోజోలమైడ్ స్థాయి రక్తంలో ఉన్నదాంట్లో సుమారు ఐదో వంతే. మిగతా మందుల్లో చాలావాటికి అదీ లేదు.

ఆకు కాయగా మారితే

ఇక్కడిదాకా కథ తిన్నగా ఉంది. చిక్కు 2007 నుంచి మొదలైంది. కొన్ని గడ్డల్లో సీడీ133 లేని కణాలు కూడా ఎలుకలో గడ్డను లేపాయి. సీడీ15, సీడీ44, ఇంటెగ్రిన్ ఆల్ఫా 6 అంటూ వేరే గుర్తులు వచ్చాయి. ఏ ఒక్కటీ అన్ని గడ్డలకూ సరిపోలేదు. 2008లో మెలనోమా మీద జరిగిన పని ఇంకో హెచ్చరిక చేసింది. రోగనిరోధక శక్తి ఇంకా తక్కువున్న ఎలుకలు వాడితే, ప్రతి నాలుగు కణాల్లో ఒకటి గడ్డను లేపగలిగింది. అంటే "మూలకణాలు అరుదు" అన్న లెక్క కొంతవరకు మనం వాడిన ఎలుక మీద ఆధారపడింది.

2014లో మారియో సువా, బ్రాడ్లీ బెర్న్‌స్టీన్ వాళ్లు ఇంకా లోతుకు వెళ్లారు. ఎదిగిపోయిన గ్లయోబ్లాస్టోమా కణంలో నాలుగు ప్రోటీన్లను, పీఓయూ3ఎఫ్2, సాక్స్2, సాల్2, ఆలిగ్2, తిరిగి పనిచేయిస్తే, అది మూలకణంగా మారిపోయింది. 2019లో ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదివిన పెద్ద అధ్యయనం వచ్చింది. గ్లయోబ్లాస్టోమా కణాలు నాలుగు స్థితుల్లో ఉంటాయని అది తేల్చింది: నాడీకణ పూర్వ స్థితి, ఆలిగోడెండ్రోసైట్ పూర్వ స్థితి, ఆస్ట్రోసైట్ స్థితి, గాయం మానేటప్పటి కణజాలాన్ని పోలిన మెసెంకైమల్ స్థితి. ఒక స్థితి కణాలను ఎలుకలో పెడితే కొంతకాలానికి నాలుగూ ప్రత్యక్షమయ్యాయి.

తుంగ పోలిక ఇక్కడే విరుగుతుంది. ఆకు కాయగా మారదు. గ్లయోబ్లాస్టోమాలో మారుతుంది. మూలకణం అనేది పుట్టుకతో వేరైన ఒక జాతి కాదు, అవసరం వచ్చినప్పుడు చాలా కణాలు చేరగల స్థితి. రేడియేషన్, ఆక్సిజన్ కొరత, వాపు, ఇవన్నీ కణాలను ఆ స్థితి వైపు నెట్టగలవు. ఈ వ్యాసంలో ఒక్క విషయం గుర్తుంచుకోవాలంటే దీన్ని గుర్తుంచుకోండి. రోగులకు చెప్పే ఆశల్లో ఏది గట్టిది, ఏది గాలిది అని తేల్చే గీటురాయి ఇదే.

ఎందుకంటే గత ఇరవై ఏళ్లలో విఫలమైన మందుల కథలు చాలావరకు దీనితోనే అర్థమవుతాయి. మూలకణాలు రక్తనాళాల పక్కన బతుకుతాయి కాబట్టి కొత్త నాళాలు రాకుండా చేసే బెవాసిజుమాబ్ ఇస్తే అవి మాడిపోతాయని తర్కం. 2014లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో స్కాన్ మెరుగ్గా కనిపించింది, వాపు తగ్గింది, మొత్తం ఆయుష్షు పెరగలేదు. ఆక్సిజన్ కొరత అంచున బతికేవాటికి అది కొత్త కష్టం కాదు. తర్వాత, కణానికి పెరగమనే సంకేతం అందించే ఈజీఎఫ్ఆర్ ప్రోటీన్‌లో మార్పు చెందిన రూపాన్ని గురిపెట్టిన రిండోపెపిముట్ టీకా. అదీ ఆయుష్షు పెంచలేదు. తిరిగొచ్చిన గడ్డల్లో చాలావాటిలో ఆ గుర్తే కనిపించకుండా పోయింది, టీకా తీసుకోనివాళ్లలో కూడా. మూలకణాలను చంపుతుందని ఇంటర్నెట్‌లో బాగా తిరిగిన డైసల్ఫిరామ్‌ను తిరిగొచ్చిన గ్లయోబ్లాస్టోమాలో యాదృచ్ఛిక అధ్యయనంలో పరీక్షించారు. లాభం లేదు, దుష్ఫలితాలు పెరిగాయి. పాత్రలో కణాలను చంపిందన్న వార్త చదివి మెడికల్ షాపులో మాత్రలు కొని ఇవ్వకండి.

మూలకణాన్ని చంపడం కాకుండా ఎదిగించడం, అంటే మూలస్థితి దాటించి ముదిరిన కణంగా మార్చడం, అనే దారి ఒకటుంది. ఆ దారిలో స్పష్టమైన ఫలితం ఇచ్చింది వేరే రకం గడ్డ: ఐడీహెచ్ జన్యువు మారిన గ్లయోమా. ఆ మార్పు వల్ల కణంలో 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే పదార్థం పేరుకుని, డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు తొలగకుండా చేస్తుంది. కణం ఎదగలేక మూలస్థితిలోనే ఇరుక్కుపోతుంది. మారిన ఆ జన్యువు తయారుచేసే ఎంజైమ్‌ను ఆపే వొరాసిడెనిబ్ మాత్ర, గ్రేడ్ 2 గడ్డల్లో జబ్బు ముదరకుండా ఉండే కాలాన్ని 11.1 నెలల నుంచి 27.7 నెలలకు పెంచిందని 2023లో తేలింది. ఇది గ్లయోబ్లాస్టోమాకు మందు కాదు. ఈ తేడా ఇంట్లోవాళ్లకు ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే పేర్లు దగ్గరగా ఉండడంతో చాలామంది పొరబడుతున్నారు.

పిల్లల్లో చిన్నమెదడులో వచ్చే మెడులోబ్లాస్టోమా సంగతి క్లుప్తంగా. అందులో ఒక రకం చిన్నమెదడు కణికా కణాల పూర్వజాల నుంచి పుడుతుంది. అక్కడ కూడా సాక్స్2 ఉన్న, నిద్రపోయే చిన్న వర్గం జబ్బును తిరగబెట్టగలదని ఎలుకల్లో చూశారు. కానీ చికిత్స ఫలితాలు గ్లయోబ్లాస్టోమా కంటే ఎంతో మెరుగు. రెండింటినీ ఒకే గాటన కట్టి భయపడకూడదు.

ఈ కణాలను పెంచేటప్పుడు ఏం చెడుతుంది

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, గీతంలోనో, ఆంధ్ర మెడికల్ కాలేజీలోనో చదువుతూ ఈ దిశగా పనిచేయాలనుకునే వాళ్ల కోసం ఈ భాగం. ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సంతకం ముందు. తర్వాత థియేటర్‌లో సర్జన్‌కు ముందే చెప్పి, చచ్చిన మధ్యభాగం నుంచి కాకుండా వెలిగే అంచు నుంచి, కాటరీ (కణజాలాన్ని కాల్చి రక్తం ఆపే పరికరం) తగలని ముక్క అడగాలి. చల్లటి మీడియంలో, ఐసు మీద, వీలైనంత త్వరగా ల్యాబుకు చేరాలి. విశాఖ ఉక్కలో ఐసు లేకుండా గంటసేపు ట్రాఫిక్‌లో చిక్కితే ఆ ముక్క మీద ఆశ వదులుకోవాల్సిందే.

సన్నగా తరిగి, పపైన్ లాంటి మృదువైన ఎంజైమ్‌తో విడదీసి, జల్లెడ పట్టి, ఎర్రకణాలు తీసేసి, బతికినవి లెక్కపెట్టాలి. కణాలు పెంచే ద్రవంలో సీరమ్ (రక్తం నుంచి తీసే ద్రవం) వేయకూడదు. ఇది కీలకం. 10 శాతం సీరమ్ వేస్తే కణాలు పాత్రకు అతుక్కుని ఎదిగిపోతాయి, మూలకణ స్థితి పోతుంది. 2006లో జ్యోంగ్‌వూ లీ, హోవర్డ్ ఫైన్ బృందం తేల్చిందిదే: సీరమ్‌లో పెంచిన కణాలు రోగి గడ్డను పోలవు, సీరమ్ లేకుండా పెంచినవి పోలతాయి. వాడేది న్యూరోబేసల్ మీడియం, బీ27 పోషకాలు, పెరుగుదల ప్రోటీన్లయిన ఈజీఎఫ్, బీఎఫ్‌జీఎఫ్ మి.లీ.కి 20 నానోగ్రాముల చొప్పున. బీఎఫ్‌జీఎఫ్ 37 డిగ్రీల వద్ద త్వరగా శక్తి కోల్పోతుంది కాబట్టి రెండు మూడు రోజులకోసారి మళ్లీ వేయాలి. ఇది మరిచిపోయి "రోగి కణాలు బాగాలేవు" అనుకునే ప్రయోగాలు ఎన్నో.

వారం రెండు వారాల్లో గుండ్రటి ఉండలు తేలతాయి. అక్కడ మోసపోవడం తేలిక. కణాలు చిక్కగా వేస్తే విడివిడి కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండలా కనిపిస్తాయి, అది ఒక్క కణం నుంచి పెరిగిన ఉండ కాదు. అందుకే ల్యాబు ప్లేటులోని ఒక్కో బావికి (గుంటకు) 1, 5, 10, 20 కణాల చొప్పున పలచన చేసి వేసి, ఎన్ని బావుల్లో ఉండ లేచిందో గణాంక పద్ధతిలో లెక్కించాలి. ఉండ బాగా పెద్దదైతే మధ్యలో కణాలు చస్తాయి, ఆలోపే విడదీయాలి. సీడీ133 విషయంలో ఇంకో చిక్కు: చాలామంది వాడే యాంటీబాడీ ఆ ప్రోటీన్‌లో ఒక ప్రత్యేక రూపానికే అతుకుతుంది. కొన్ని ఎంజైములు ఉపరితల గుర్తులను కోసేస్తాయి. ప్రోటీన్ ఉన్నా "లేదు" అని రావచ్చు.

రోగి చేతిలో ఉన్నవి

సిద్ధాంతం ఎంత ఉన్నా, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా, విశాఖ కేజీహెచ్‌లోనైనా, ముంబయి టాటాలోనైనా మొదటి చికిత్సకు పునాది ఒకటే, 2005లో స్టుప్ బృందం స్థిరపరిచింది. రేడియేషన్ మొత్తం 60 గ్రే, 30 భాగాలుగా, వారానికి ఐదు రోజులు. దాంతో పాటు టెమోజోలమైడ్ శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు రోజూ 75 మి.గ్రా. తర్వాత నాలుగు వారాల విరామం. ఆపైన 28 రోజుల చక్రాలు ఆరు, ఒక్కో చక్రంలో మొదటి 5 రోజులే మాత్ర, మొదటిసారి చదరపు మీటరుకు 150, తట్టుకుంటే 200 మి.గ్రా. 65 దాటినవాళ్లకు 15 భాగాల చిన్న రేడియేషన్ కూడా ఉంది. ఈ పద్ధతితో మధ్యస్థ ఆయుష్షు, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పటి 12.1 నుంచి 14.6 నెలలకు పెరిగింది. అంకె చిన్నదే. కానీ ఐదేళ్లు బతికినవాళ్లు 1.9 శాతం నుంచి 9.8 శాతానికి పెరిగారు. ఆ వాటాలో మీ మనిషి ఉండొచ్చు, ఆ అవకాశాన్ని చేజార్చే పొరపాట్లను మాత్రం ఆపాలి.

పొరపాట్లు సాధారణంగా ఇవి. రేడియేషన్ లేని శని, ఆదివారాల్లో మాత్ర కూడా మానేస్తారు. మొదటి దశలో మాత్ర ఏడు రోజులూ ఉంది. దీనికంటే ప్రమాదకరమైనది రెండో దశలో 5 రోజుల మాత్రను నెలంతా వేయడం. ఉదాహరణకు 1.6 చదరపు మీటర్ల మనిషికి మొదటి దశలో రోజుకు 120 మి.గ్రా., చక్రాల్లో 240, తర్వాత 320. ఆ 320ని ఇరవై ఎనిమిది రోజులూ వేస్తే ఎముక మజ్జ పడిపోయి ప్రాణం పోవచ్చు. డిశ్చార్జి చీటీ మీద మొదలుపెట్టే తేదీ, ఆపే తేదీ తెలుగులో రాయించుకోండి. మాత్ర ఖాళీ కడుపుతో, వాంతి ఆపే మాత్ర వేసిన అరగంట, గంట తర్వాత. క్యాప్స్యూల్ విప్పి నీళ్లలో కలపకూడదు. ప్రతి చక్రానికి ముందు రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) 1500, ప్లేట్‌లెట్లు లక్ష దాటి ఉండాలి. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలి.

రేడియేషన్ అయిన మొదటి మూడు నెలల్లో ఎమ్మారై చూసి గుండె జారిపోవద్దు. వెలిగే భాగం పెరిగినట్టు కనిపించినా అది చికిత్స వల్ల వచ్చిన వాపు కావొచ్చు, ముఖ్యంగా మిథైలేటెడ్ గడ్డల్లో. అందుకే డాక్టర్లు వెంటనే మందు మార్చకుండా, కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కాన్ అడుగుతారు.

"మూలకణాలను నాశనం చేసే" చికిత్స అంటూ లక్షలు అడిగేవాళ్లు తగిలితే రెండు ప్రశ్నలు వేయండి. ఇది సీటీఆర్ఐలో (దేశంలో జరిగే వైద్య అధ్యయనాల నమోదు పట్టికలో) నమోదైన అధ్యయనమా? అయితే నమోదు సంఖ్య చెప్పండి, వెబ్‌సైట్‌లో చూస్తాం. రెండోది, అధ్యయనంలో మందుకు డబ్బు ఎందుకు అడుగుతున్నారు? మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలు అధ్యయనాల్లోనే జరగాలి.

చివరిగా, కణజాలం. ఇంట్లోవాళ్లు స్కాన్ ఫిల్ములను భద్రంగా దాచుకుంటారు, అసలైనదాన్ని వదిలేస్తారు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను ఫార్మలిన్‌లో నిలవచేసి, మైనంలో పోసి బ్లాక్ చేస్తారు. గాజు స్లైడ్లు చాలవు, ఎంజీఎంటీ, ఐడీహెచ్ లాంటి పరీక్షలకు బ్లాక్ కావాలి. ముక్కను రోజుల తరబడి ఫార్మలిన్‌లో వదిలేసినా, సెలైన్‌లో గంటలకొద్దీ ఉంచేసినా డీఎన్ఏ పాడై పరీక్ష ఫెయిలవుతుంది. రోగికి 55 ఏళ్ల లోపు ఉండి ఐడీహెచ్ రంగు పరీక్ష నెగిటివ్ వస్తే అక్కడితో ఆగకుండా జన్యు సీక్వెన్సింగ్ అడగాలి, ఎందుకంటే రంగు పరీక్ష ఒక్క రకం మార్పునే, ఆర్132హెచ్‌నే పట్టుకుంటుంది. గ్లయోమాల్లోని ఐడీహెచ్ మార్పుల్లో సుమారు పదోవంతు దానికి చిక్కవు.

గడ్డ తిరిగొచ్చి రెండో ఆపరేషన్ జరిగితే, ఆ కొత్త ముక్కను "పాత జబ్బే కదా" అని పక్కన పెట్టనివ్వకండి. మొదటి గడ్డలో ఉన్న ఈజీఎఫ్ఆర్ మార్పు రెండోదాంట్లో ఉండకపోవచ్చు. టెమోజోలమైడ్ దెబ్బ తిని బతికిన కణాల్లో తప్పులు దిద్దే యంత్రాంగం పోయి, జన్యుమార్పులు వందలకొద్దీ పేరుకుని ఉండొచ్చు, అప్పుడు అదే మాత్రను మళ్లీ వేయడంలో అర్థం లేదు. ఏ మందు వాడాలో, ఏ అధ్యయనంలో చేరగలరో రెండో ముక్క మీద చేసిన పరీక్షే చెబుతుంది. పాత బ్లాక్‌నూ కొత్త బ్లాక్‌నూ కలిపి ఒకే పాథాలజిస్టుకు చూపించండి.